నాలుగు భాషల గైడు ఉంది, అందుతోందా? మ్యూజియాలు, గ్రంథాలయాల ప్రదర్శనల్లో బహుభాషా డిజిటల్ గైడ్లు

(రికార్డింగు విని టైపు చేసిన ప్రసంగ పాఠం. తడబాట్లు మాత్రమే తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవాళ్లకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మొహమాటం వద్దు. ఇవాళ మాట్లాడుకునేదే వినపడటం గురించి, కనపడటం గురించి, అర్థం కావటం గురించి.

"మా దగ్గర నాలుగు భాషల్లో గైడు ఉందండీ" అని ఇప్పుడు చాలా మ్యూజియాలు, చాలా గ్రంథాలయాలు చెబుతున్నాయి. మంచిదే. కానీ ఉండటం వేరు, అందటం వేరు. ఒక మనిషి ఒంటరిగా వచ్చారు. ఆవిడకి చూపు లేదు. లేదా ఆయనకి వినపడదు. లేదా రెండూ బాగానే ఉన్నాయి, గోడ మీద రాసిన భాష మాత్రం రాదు. ఆ మనిషి ఎవరినీ సాయం అడక్కుండా, ఆ వస్తువు ముందు నిలబడి, తన భాషలో, తనకి పనికొచ్చే రూపంలో దాని సంగతి తెలుసుకోగలుగుతున్నారా? ఈ ఒక్క ప్రశ్నే మన పరీక్ష. నాలుగు భాషల ఫైళ్లూ సర్వర్లో భద్రంగానే ఉంటాయి. సర్వర్ నుంచి ఆ మనిషి దాకా వచ్చే దారిలోనే తెగిపోతుంది. ఎక్కడెక్కడ తెగుతుందో ఇవాళ చూద్దాం.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1952లోనే ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టెడెలిక్ మ్యూజియంలో సందర్శకుల చేతికి చిన్న రేడియో పరికరాలిచ్చి, నాలుగు భాషల్లో వ్యాఖ్యానం వినిపించారు. డచ్చి, ఫ్రెంచి, ఇంగ్లిష్, జర్మన్. అయితే ఒక్కో భాషకి ప్రసారం ఒక్కటే కాబట్టి అందరూ ఒకేసారి ఒకే వాక్యం వినాలి, ఒకేసారి పక్క బొమ్మ దగ్గరికి కదలాలి. నాకు ఇది ఇంకాసేపు చూడాలనుంది అంటే కుదరదు. ఇవాళ అందరి చేతుల్లోనూ ఫోను ఉంది కాబట్టి ఆ బాధ తప్పింది. వేరే బాధలు వచ్చాయి.

మొదటిది గోడ మీదే ఉంది. క్యూఆర్ కోడ్. 1994లో జపాన్‌లో డెన్సో వేవ్ సంస్థ కారు విడిభాగాల లెక్క కోసం చేసిన ముద్ర ఇది. ఫ్యాక్టరీలో వెలుతురు బాగుంటుంది, చదివే యంత్రం దగ్గరగా ఉంటుంది. మన గ్యాలరీలో? కాగితం, బట్ట, నీటిరంగుల బొమ్మలు ఉన్నచోట వెలుతురు 50 లక్స్ దాటనివ్వం. దాటనివ్వకూడదు కూడా, రంగులు వెలిసిపోతాయి. ఆ మసక వెలుతురులో నిగనిగలాడే లామినేషన్ వేసిన కోడ్ పెట్టారనుకోండి. పైనున్న ఒక్క దీపమూ దాని మీదే తళుక్కుమంటుంది, కెమెరాకి తెల్లటి మచ్చ తప్ప ఏమీ కనపడదు. సందర్శకుడు ఏం చేస్తాడు? ఫోను లైటు వేస్తాడు. కాపలా సిబ్బంది పరిగెత్తుకొస్తారు. కాబట్టి మెరవని కాగితం, మెరవని లామినేషన్. తెలుపు మీద నలుపు. నలుపు మీద తెలుపు అందంగా ఉంటుందని డిజైనర్లు అంటారు, కొన్ని ఫోన్లు దాన్ని చదవవు. చుట్టూ, కోడ్ లోపలి చిన్న గడులు నాలుగింటి వెడల్పున ఖాళీ వదలాలి, ఆ ఖాళీ కూడా కోడ్‌లో భాగమే. షోకేసు అద్దం లోపల పెట్టకండి, బయటి లేబులు మీదే పెట్టండి.

సైజు ఎంత? చదివే దూరంలో పదో వంతు. 40 సెంటీమీటర్ల దూరం నుంచి చదవాలంటే 4 సెంటీమీటర్ల కోడ్. రెయిలింగు అడ్డం ఉండి మనిషి ఒకటిన్నర మీటర్ల అవతలే ఆగిపోతే 15 సెంటీమీటర్లు. రెయిలింగు కట్టించి, 3 సెంటీమీటర్ల కోడ్ గోడకి అంటించి, "ఎవరూ వాడటం లేదండీ" అంటే ఎట్లా?

ఇంకో సంగతి, దీన్ని చాలామంది పట్టించుకోరు. కోడ్‌లో పెట్టే చిరునామా పొట్టిగా ఉండాలి. రెండో సైజు కోడ్‌లో అడ్డం 25 గడులు, నిలువు 25 గడులు. దోష సవరణ, అంటే కోడ్ కొంత చెడినా చదవగలిగే ఏర్పాటు, మధ్యస్థ స్థాయిలో ఉంటే అందులో 26 అక్షరాలు పడతాయి. చిరునామా అంతా ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో రాస్తే అదే కోడ్‌లో 38 పడతాయి, కాకపోతే మీ సర్వర్ ఆ పెద్దక్షరాలను ఒప్పుకునేట్టు చూసుకోవాలి. మన భాష మీద ప్రేమతో చిరునామాలో తెలుగు పెట్టారనుకోండి. ప్రేమ మంచిదే. కానీ "తాళపత్రం" అన్న మాట కంప్యూటర్ లెక్కలో 8 గుర్తులు. ఒక్కో గుర్తుకి మూడు బైట్లు, ఒక్కో బైటూ చిరునామాలో మూడేసి అక్షరాలవుతుంది. మొత్తం 72 అక్షరాలు! ముందు సైటు పేరు కూడా కలిస్తే కోడ్ 41 గడులకి పెరుగుతుంది. అదే 4 సెంటీమీటర్లలో గడి 1.6 మిల్లీమీటర్ల నుంచి ఒక మిల్లీమీటరు లోపుకి పడిపోతుంది. మసక వెలుతురు, పాత ఫోను, వణికే చెయ్యి. చదవదు. తెలుగు పేజీలో ఉండాలి, చిరునామాలో అంకెలు చాలు.

మధ్యలో సంస్థ లోగో పెట్టకండి. దోష సవరణ అనేది కోడ్ చిరిగినా, మాసినా చదవటానికి ఇచ్చిన వెసులుబాటు. మధ్యస్థ స్థాయిలో సుమారు 15 శాతం. దాన్ని మనమే లోగోతో తినేస్తే, రేపు గీత పడ్డప్పుడు ఏం మిగులుతుంది? అలాగే బయటి కంపెనీల ఉచిత కోడ్ సేవలు వాడకండి. వాటిలో చాలావరకు కోడ్ ముందు వాళ్ల సైటుకి వెళ్లి, అక్కణ్ణించి మీ సైటుకి వస్తుంది. చందా అయిపోయిన రోజున గోడల మీదున్న కోడ్లన్నీ ఒక్కసారే చచ్చిపోతాయి. దారి మళ్లించే పని మీ సొంత డొమైన్ మీదే పెట్టుకోండి.

సరే, కోడ్ ఎక్కడ పెట్టాలి? నేల నుంచి 100 నుంచి 120 సెంటీమీటర్ల ఎత్తున. వీల్‌చైర్‌లో కూర్చున్నవారికీ, పిల్లలకీ, పొడుగువారికీ అందే ఎత్తు అది. ఇప్పుడు అసలు ప్రశ్న. చూపులేనివారికి కోడ్ ఎక్కడుందో ఎట్లా తెలుస్తుంది? తెలియదు. అందుకే అన్ని లేబుళ్లకీ ఒకే మూల, ఒకే ఎత్తు. చుట్టూ వేలికి తగిలే ఉబ్బెత్తు అంచు. దాని పక్కనే ఎన్ఎఫ్‌సీ బిళ్ల, అంటే దగ్గరికి తెచ్చిన ఫోనుకి చిరునామా అందించే చిన్న చిప్, పెడితే ఇంకా మేలు, ఫోను ఆనిస్తే చాలు, కెమెరా గురి చూడక్కర్లేదు. ఒక్క జాగ్రత్త. బిళ్ల లోహపు పలక మీద అంటిస్తే పనిచేయదు. లోహం మీద పనిచేసేలా వెనక ఫెరైట్ పొర ఉన్న రకం విడిగా దొరుకుతుంది, అదే అడిగి తెప్పించండి. వీటితో పాటు ప్రతి లేబులు మీదా పెద్ద అంకెల్లో ఒక మూడంకెల నంబరు కూడా వేయండి. కెమెరా పాడైన ఫోనుకి, అరువిచ్చే పరికరానికి అదే ఆధారం.

కోడ్ చదివింది. పేజీ తెరుచుకోవాలి. ఇక్కడ రెండోసారి తెగుతుంది.

పాత కట్టడాల మందపాటి గోడల్లో సిగ్నల్ ఉండదు. "వైఫై పెట్టాం కదా!" అంటారు. ఆ వైఫై ఏమడుగుతుంది? ఫోన్ నంబరు ఇవ్వండి, ఓటీపీ వస్తుంది అంటుంది. సిగ్నల్ లేకే కదా వైఫై వెతుక్కుంటున్నది, ఓటీపీ ఎక్కడికి వస్తుంది? వేరే దేశం నుంచి వచ్చినవాళ్ల దగ్గర ఇక్కడి సిమ్ ఉండదు. బహుభాషా గైడు ఎవరికోసమని మొదలుపెట్టామో, ఆ మనిషినే గుమ్మంలో ఆపేశాం. పైగా ఆ లాగిన్ పేజీల్లో చాలావాటిని స్క్రీన్ రీడర్, అంటే చూపులేనివారికి తెర మీదిది పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, సరిగ్గా చదవలేదు, బొత్తాలకి పేర్లుండవు. గైడు పేజీల వరకైనా లాగిన్ లేకుండా వదలమని మీ నెట్‌వర్క్ చూసేవారిని అడగండి. రూటర్‌లో ఫలానా సైటుకి మినహాయింపు అని ఒక జాబితా ఉంటుంది, అందులో మీ డొమైన్ చేర్చటమే పని.

ఇంకా మంచి దారి ప్రవేశద్వారం దగ్గరే గైడు మొత్తాన్ని ఫోనులోకి దింపేయటం. ఎంత బరువు? లెక్క వేద్దాం. మాట మాత్రమే కాబట్టి ఒకే ఛానెల్, సెకనుకి 64 కిలోబిట్లు సరిపోతాయి. నిమిషానికి 480 కిలోబైట్లు. ఒక్కో వస్తువుకి నిమిషంన్నర, 60 వస్తువులు. ఒక భాషకి 43 మెగాబైట్లు. నాలుగు భాషలూ కలిపితే 173. అందుకని ఎంచుకున్న ఒక్క భాషే దింపాలి. చాలా గైడ్లు అన్నీ ఒకేసారి దింపి, సగంలో ఆగిపోయి, "మీ గైడు పనిచేయదు" అనిపించుకుంటాయి. దీనికి యాప్ కూడా అక్కర్లేదు. నెట్ లేకపోయినా తెరుచుకునేలా వెబ్ పేజీనే తయారుచేయవచ్చు. గంటసేపు చూసి వెళ్లే చోట స్టోర్లో వెతికి, యాప్ దింపుకొని, ఖాతా తెరిచే ఓపిక ఎవరికుంటుంది చెప్పండి?

ఇక భాష ఎంచుకోవటం. ఫోను ఏ భాషలో ఉందో చూసి, మనమే ఆ భాషలో పేజీ తెరిచేస్తే తెలివైన పనే అనిపిస్తుంది. ఈ హాల్లో ఫోను మెనూలు తెలుగులో పెట్టుకున్నవాళ్లు చేతులెత్తండి. చూశారా, ఎంతమందో! ఇంట్లో తెలుగు, ఫోనులో ఇంగ్లిష్. ఫోను భాష మనిషి భాష కాదు. అందుకని మొదటిసారి అడగండి, తర్వాత గుర్తుపెట్టుకోండి. ప్రతి భాష పేరూ ఆ భాష లిపిలోనే రాయండి. తమిళం చదివేవారికి "తమిళం" అని తెలుగులో రాస్తే ఏం లాభం? జెండా బొమ్మలు వద్దు, జెండా దేశానిది. ఒక దేశంలో ఎన్ని భాషలుంటాయో, ఒకే భాష ఎన్ని దేశాల్లో ఉంటుందో మీకు నేను చెప్పాలా?

ఇందులోనే ఒక చిన్న లోపం దాదాపు ప్రతి గైడులోనూ కనిపిస్తుంది. ఇరవై మూడో వస్తువు దగ్గర నిలబడి భాష మారిస్తే, గైడు మొదటి పేజీకి వెళ్లిపోతుంది. ఇరవై మూడో వస్తువే కొత్త భాషలో రావాలి. ఇంట్లో మూడు తరాల వాళ్లు కలిసి వచ్చినప్పుడు ఒకే ఫోను మీద భాష పదిసార్లు మారుతుంది. మనవరాలు ఇంగ్లిష్‌లో చూసి, అమ్మమ్మకి తెలుగులో వినిపిస్తుంది.

వినడానికి రాసింది వేరు

ఇప్పుడు అసలు సరుకు దగ్గరికి వద్దాం. పాఠం. నన్నడిగితే మీ సమయంలో సగం దీనికే పెట్టాలి. ఎందుకంటే పై లోపాలన్నీ ఒక సాంకేతిక నిపుణుడు వారంలో సరిచేయగలడు. పాఠం చెడిపోతే నాలుగు భాషల్లోనూ చెడిపోతుంది.

ఉదాహరణకి ఒక తాళపత్ర గ్రంథం అనుకుందాం. లేబులు ఇట్లా ఉంటుంది: "తాళపత్ర గ్రంథం. 18వ శ. 42 × 4 సెం.మీ. 120 పత్రాలు. అసంపూర్ణం." జాబితాకి ఇది చక్కగా సరిపోతుంది. దీన్నే యంత్రం గొంతుతో చదివించండి. "పద్దెనిమిదో శ" అంటుంది. గుణకారం గుర్తును ఒక యంత్రం మింగేస్తుంది, ఇంకొకటి "ఇంటూ" అంటుంది. "సెం మీ" అంటుంది. విన్నవారికి ఏమర్థమైంది?

ఇప్పుడు ఇది వినండి. "మీ ముందున్న అద్దాల పెట్టెలో, నడుం ఎత్తున, తాటాకుల పుస్తకం ఒకటి ఉంది. మూరకి కాస్త తక్కువ పొడవు, రెండు వేళ్ల వెడల్పు. లేత గోధుమరంగు ఆకులు నూట ఇరవై, పైనా కిందా చెక్క పలకల మధ్య ఉన్నాయి. ప్రతి ఆకులోనూ రెండు చిల్లులు, వాటిల్లోంచి దారం పోతుంది. అక్షరాలు సిరాతో రాసినవి కావు. ఇనుప గంటంతో ఆకు మీద గీసి, ఆ గీతల్లో మసి నింపారు. అందుకే ప్రతి అక్షరమూ ఒక సన్నటి గాడి." ఆ తర్వాత చెప్పండి ఎప్పటిదో, ఎవరు రాయించారో, చివరి ఆకులు ఎందుకు లేవో.

వరస గమనించారా? ఎక్కడుంది, ఏమిటి, ఎంతుంది, ఎట్లా ఉంది, దేనితో చేశారు. చరిత్ర ఆ తర్వాతే. చూపులేనివారికి మనసులో ఆకారం ఏర్పడకముందే శతాబ్దాలు చెబితే ఆ శతాబ్దాలు దేనికి తగిలించుకోవాలి? కొలతలు శరీరంతో పోల్చి చెప్పాలి. రంగు కూడా చెప్పాలి. పుట్టుకతో చూపులేనివారికి రంగుతో పనేముంది అనుకోవద్దు. చూపులేనివారిలో చాలామంది కొంతకాలం చూసినవారే, కొంత వెలుతురు, కొంత రంగు ఇప్పటికీ తెలిసేవారే. చూడనివారికైనా పక్కనున్నవాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో తెలియాలి కదా. ఇంకో లాభం ఉంది. ఇట్లా రాసిన పాఠం చూపున్నవారికీ బాగుంటుంది, ఆ చిల్లులూ ఆ గాడీ మామూలుగా అయితే వాళ్లూ గమనించరు. రెండు పాఠాలు అక్కర్లేదు, ఒక్కటే చాలు.

ఒక్కో వస్తువుకి నిమిషం, మహా అయితే నిమిషంన్నర. అంతకన్నా చెప్పాలనుంటే "ఇంకా వినండి" అని రెండో భాగం పెట్టండి. కొలత మాటల్లో కాదు, సెకన్లలో వేసుకోండి. ఇంగ్లిష్‌లో నాలుగు మాటలు తెలుగులో అతుక్కుని రెండు మాటలవుతాయి, మాట పొడుగవుతుంది. అందుకే 150 మాటలు అని అన్ని భాషలకీ ఒకే కొలత ఇస్తే తెలుగు పాఠం సమయం దాటిపోతుంది.

అనువాదం సంగతి. మూల పాఠం ఖరారు కాకముందే అనువాదానికి పంపకండి. దయచేసి పంపకండి. ప్రదర్శనని రూపొందించే క్యూరేటర్ ఒక తేదీ మారుస్తారు, ఒక వాక్యం తీసేస్తారు. అప్పటికే మూడు భాషల్లో రికార్డింగు అయిపోయి ఉంటుంది. ఖరారు తేదీ ఒకటి పెట్టుకుని, అందరితో సంతకం చేయించుకుని, అప్పుడు పంపండి. పాఠంతో పాటు పదాల పట్టిక కూడా పంపండి. వస్తువుల పేర్లు, రాజుల పేర్లు, ఊళ్ల పేర్లు, ఒక్కోటీ ఆ భాషలో ఎట్లా రాయాలో ముందే తేల్చాలి. లేకపోతే ఒకే విగ్రహం మూడో గదిలో ఒక పేరుతో, ఏడో గదిలో ఇంకో పేరుతో వినపడుతుంది. ఉచ్చారణ కోసం క్యూరేటర్ గొంతుతో ఆ పేర్లన్నీ ఒక చిన్న ఆడియో ఫైలు చేసి చదివేవారికి ఇవ్వండి. పది నిమిషాల పని, స్టూడియోలో గంటలు మిగులుస్తుంది.

యంత్రానువాదం వాడొచ్చా అని ఎలాగూ అడుగుతారు. చిత్తు ప్రతికి వాడండి, తప్పేం లేదు. కానీ అది తెలుగులో మహారాణి గారిని కూడా "వచ్చింది, కట్టించింది" అంటుంది. వాక్యం మధ్యలో "ఇది", "అది" దేన్ని సూచిస్తున్నాయో తప్పిపోతుంది. సరిదిద్దేవారు తెర మీద చూసి సరిదిద్దితే సరిపోదు. పైకి చదవాలి, ఇంకొకరు కళ్లు మూసుకుని వినాలి. ఊపిరి అందని వాక్యం అక్కడ దొరికిపోతుంది.

గొంతు మనిషిదా, యంత్రానిదా? ఏళ్ల తరబడి మారని ప్రధాన వస్తువులకి మనిషి గొంతు. నెలకోసారి మారే ప్రకటనలకి, తాత్కాలిక ప్రదర్శనలకి యంత్రం గొంతు చాలు. మనిషి గొంతయితే ఒక వస్తువు ఒక ఫైలు. గది మొత్తం ఒకే ఫైలుగా రికార్డు చేస్తే ఒక్క తేదీ మారినా మొత్తం మళ్లీ చేయాలి. భాషకో స్టూడియోలో చేయిస్తే ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా వస్తుంది, చివర్లో అన్నిటినీ ఒకే స్థాయికి తేవాలి. పేజీ తెరవగానే ఆడియో దానంతట అది మోగకూడదు. స్క్రీన్ రీడర్ వాడేవారికి ఒకేసారి రెండు గొంతులు వినపడి ఏదీ అర్థం కాదు.

తెర మీద అక్షరం

ప్రతి ఆడియోకీ పూర్తి పాఠం తెర మీద ఉండాలి. వినపడనివారికి అదే గైడు. ఇయర్‌ఫోన్లు మర్చిపోయి వచ్చినవారికీ అదే.

ఆ తెలుగు పాఠం యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తించే పద్ధతిలో ఉండాలి. ఇది చెప్పక్కర్లేదనుకుంటాం, చెప్పాల్సొస్తోంది. కేటలాగు కోసం డీటీపీలో అను ఫాంట్లతో కూర్చిన పాఠం ఉంటుంది. దాన్ని అలాగే తెచ్చి పెడితే, కంటికి తెలుగు, కంప్యూటర్‌కి అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులు. స్క్రీన్ రీడర్ ఆ గుర్తులే చదువుతుంది. యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి, మార్చాక మనిషి చదివి చూడాలి, వత్తుల దగ్గర తేడాలొస్తాయి. పాఠాన్ని బొమ్మగా మార్చి పెట్టటం ఇంకా ఘోరం, చదవటానికి అక్కడ అక్షరమే ఉండదు.

పేజీ ఏ భాషలో ఉందో ఆ వెబ్ పేజీ వెనకుండే హెచ్‌టీఎంఎల్ రాతలో ప్రకటించాలి. పేజీలు అందరికీ అందేలా చేసే వెబ్ ప్రమాణాల్లో, అదే డబ్ల్యూసీఏజీలో, ఇది మొట్టమొదటి మెట్టు. ప్రకటించకపోతే ఇంగ్లిష్ గొంతు తెలుగు మీదికి వస్తుంది, వచ్చి చాలాసార్లు మౌనంగా దాటేస్తుంది. తెలుగు పేజీ మధ్యలో ఒక సంస్కృత శ్లోకమో, ఇంగ్లిష్ వాక్యమో ఉంటే ఆ ముక్కకీ విడిగా భాష చెప్పాలి. అక్షరానికీ వెనకనున్న రంగుకీ తేడా కనీసం 4.5కి 1 ఉండాలి. గోధుమరంగు కాగితం బొమ్మ మీద ముదురు బంగారు అక్షరాలు, "పాతకాలపు అందం" అంటారు, చదవలేం. మన లిపికి కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి ఇంగ్లిష్‌కి సరిపోయిన వరసల ఎడం చాలదు, అక్షరం ఎత్తుకి ఒకటిన్నర రెట్లకు పైగా ఇవ్వండి. రెండు అంచులూ సమం చేయకండి, మన మాటలు పొడుగు కాబట్టి మధ్యలో పెద్ద పెద్ద కంతలు పడతాయి. ఉర్దూ పెడితే పేజీ మొత్తం కుడి నుంచి ఎడమకి తిరగాలి, ఆడియో మొదలుపెట్టే బాణం గుర్తు మాత్రం తిరగకూడదు.

సంకేత భాష గురించి ఒక్క మాట. "పాఠం రాసి పెట్టాం కదా, బధిరులు చదువుకుంటారు" అనుకోవద్దు. చిన్నప్పటినుంచీ సంకేత భాషలో పెరిగినవారికి రాసిన తెలుగు రెండో భాష. సంకేత భాష వ్యాకరణం వేరు, అది తెలుగుకి చేతులతో చేసిన నకలు కాదు. ఒకే ఇంగ్లిష్ మాట్లాడే అమెరికా, బ్రిటన్‌లలో సంకేత భాషలు వేర్వేరు, ఒకరిది ఒకరికి అర్థం కాదు. కాబట్టి ఏ సంకేత భాషలో చేస్తున్నారో పేరు పెట్టి చెప్పండి. వీడియోలో ముఖం, రెండు చేతులు, నడుం దాకా కనపడాలి. మూలన చిన్న పెట్టెలో ఇరికిస్తే ఫోను తెర మీద వేళ్లు కనపడవు, విడి వీడియోగా పెట్టండి. చేసేవారు బధిరులే అయితే ఇంకా మంచిది, అది వారి సొంత భాష.

వినికిడి యంత్రం వాడేవారి కోసం అరువిచ్చే పరికరాలు కొన్ని ఉంచండి. ధ్వనిని నేరుగా ఆ యంత్రానికి అందించే, మెడలో వేసుకునే లూప్ తగిలించాలంటే 3.5 మిల్లీమీటర్ల సాకెట్ కావాలి, కొత్త ఫోన్లలో చాలావాటికి అది లేదు. పాత పరికరాలు పారేసేముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

గ్రంథాలయాలవాళ్లు ఉన్నారు కదా, మీకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. షోకేసులో పుస్తకం రెండు పేజీలే తెరిచి ఉంటుంది. ఒకే పేజీ మీద నెలల తరబడి వెలుతురు పడకూడదని సంరక్షకులు పేజీ తిప్పుతారు. గైడు మాత్రం పాత పేజీ గురించే చెబుతూ ఉంటుంది. "ఎడమవైపు పేజీలో ఎర్ర సిరాతో రాసిన మొదటి వరస చూడండి." అక్కడ ఎర్ర సిరా లేదు! చూడగలిగేవారు నవ్వుకుని వెళ్లిపోతారు. చూడలేనివారు అది ఉందనే నమ్ముతారు. అందుకని పేజీ తిప్పిన రోజే గైడులో మార్చాలి, లేదా మొదటినుంచే రెండు మూడు పేజీల పాఠాలు సిద్ధంగా పెట్టుకుని మీట నొక్కినట్టు మార్చుకోవాలి. మిగతా పేజీలు చూపించాలనుంటే ట్రిపుల్ ఐ ఎఫ్ పద్ధతిలో, అంటే మ్యూజియాలు, గ్రంథాలయాలు బొమ్మలను వెబ్‌లో చూపించేందుకు వాడే ఉమ్మడి ప్రమాణంలో, స్కానులు పెట్టండి, ఫోనులోనే దగ్గరికి జరుపుకుని చూస్తారు. హక్కులున్న పుస్తకమైతే అనుమతి తీసుకోండి. 2013 నాటి మర్రకేష్ ఒప్పందం చూపు లేకపోవటం వంటి కారణాలతో అచ్చు చదవలేనివారి కోసం అందుబాటు ప్రతులు చేయనిస్తుంది, అందరికీ తెరిచిన గైడుకి అది వర్తించదు.

ఇదే కారణంతో కోడ్‌ని ప్రదర్శనలోని వరస నంబరుకి ముడిపెట్టకండి. వస్తువులు గది మారతాయి, అరువు వెళతాయి. కోడ్ ఎప్పుడూ వస్తువు నమోదు సంఖ్యకే ముడిపడాలి. వరస నంబరు విడి పట్టికలో ఉండాలి. వస్తువు ప్రదర్శనలో లేనప్పుడు "పేజీ దొరకలేదు" అని ఇంగ్లిష్‌లో రాకూడదు. "ఈ వస్తువు ఇప్పుడు ప్రదర్శనలో లేదు" అని ఎంచుకున్న భాషలో రావాలి. ప్రతి పాఠానికీ కూర్పు సంఖ్య ఉండాలి. తెలుగు మూడో కూర్పులో ఉండి, హిందీ రెండో కూర్పులోనే ఉంటే, ఆ హిందీ గడి పట్టికలో ఎర్రబడాలి. మామూలు స్ప్రెడ్‌షీటు చాలు. అది చూసే మనిషి పేరు మాత్రం ఒకటి రాసి ఉండాలి, అందరి పని అంటే ఎవరి పనీ కాదు.

పరీక్ష గదిలో కూర్చుని చేయకండి. గ్యాలరీలో, జనం ఉన్న రోజున, చవకరకం ఫోనుతో చేయండి. చూపులేనివారు, వినపడనివారు, వీల్‌చైర్‌లో ఉన్నవారు, ఆ భాష తప్ప ఇంకోటి రానివారు ఒక్కొక్కరు వచ్చినా మొదటి గంటలోనే పెద్ద లోపాలు బయటపడతాయి. వారి సమయానికి డబ్బివ్వండి. పక్కన నిలబడి సాయం చేయకండి, ఎక్కడ ఆగిపోయారో రాసుకోండి. అదే గదిలో కాపలా ఉండేవారికి గైడు ఎట్లా తెరవాలో ముందే నేర్పండి. సందర్శకులు మొదట అడిగేది వాళ్లనే.

ఎవరో చెయ్యెత్తారు, చెప్పండమ్మా. ఎన్ని భాషలతో మొదలుపెట్టాలి అంటున్నారు. రెండుతో. ఒక సంకేత భాషతో కలిపి మూడు. ఆరు భాషల్లో పది వస్తువులు పెట్టి ఆగిపోయే కంటే రెండు భాషల్లో అరవై పెట్టి ఏడాది నిలబెట్టండి. ఏ భాష ఎంతమంది ఎంచుకున్నారు, ఏ వస్తువు దగ్గర సగంలో ఆపేశారు అని పేర్లు, ఫోన్ నంబర్లు లేకుండా లెక్క పెట్టుకోండి. భాషల జాబితా అడుగున "నా భాష ఇక్కడ లేదు" అని ఒక బొత్తం పెట్టి, నొక్కినవారు తమ భాష పేరు రాసే వీలు ఇవ్వండి. తర్వాత చేర్చే భాష ఏదో అలా రాసిన పేర్లు చూసి తేల్చుకోవచ్చు. ఇంకా ఎవరైనా?